మా అన్నయ్య చూపించిన చోటు

మా అన్నయ్య పావోరాకి ఆ ఏడు తుంటి ఎముక మార్చారు. ఎలాగూ ఆసుపత్రిలో పడుకోబెట్టారు కదా, ఆ తలకాయ కూడా మార్చేయండి బాబూ అని డాక్టరుతో అన్నాను. ఆయన నవ్వాడే గానీ నా మాట పట్టించుకోలేదు. పట్టించుకుని ఉంటే క్రిస్మస్ నాడు మాకంత రభస తప్పేది.

మా దేశంలో క్రిస్మస్ నడి వేసవిలో వస్తుంది. ఆ సెలవులకి మా కుటుంబమంతా పడమటి తీరంలో నాన్న కట్టిన రేకుల ఇంటికి చేరుతుంది. ముసలాళ్ళం గదుల్లో, మిగతావాళ్ళు గుడారాల్లో. పొద్దస్తమానం సముద్రంలో ఈతలు, ఎండకి ముక్కుల మీద తోలు ఊడిపోవడం, తడి కాళ్ళతో నల్ల ఇసుకంతా నా పక్కలోకి తెచ్చి పోయడం. నేను అరుస్తూనే ఉంటాను, వాళ్ళు వస్తూనే ఉంటారు. వాళ్ళు రాకపోతే మాత్రం నాకు పండగేముంది?

పండగనాడు హాంగీ వేసేది అన్నయ్యే. గొయ్యి తవ్వి, రాళ్ళు ఎర్రగా కాల్చి, పంది మాంసం, కోళ్ళు, చిలగడదుంపలు, గుమ్మడి ముక్కలు బుట్టల్లో పెట్టి దింపుతారు. పైన తడి గుడ్డలు కప్పి, మన్నేసి పూడ్చేస్తే అన్నీ లోపలి ఆవిరికే ఉడుకుతాయి. ఆ గొయ్యి దగ్గరికి అన్నయ్య, ఆయన కొడుకులు తప్ప ఇంకెవరూ పోకూడదు. ఆయన అల్లుడు ఫెర్గస్ పెళ్ళైన దగ్గర్నుంచి ప్రతి పండక్కీ నా పక్కన కూర్చుని దుంపలు చెక్కు తీస్తూనే ఉన్నాడు. దక్షిణాన గొర్రెల పెంపకందార్ల ఇంట్లో పుట్టినవాడు, నెమ్మదస్తుడు. మా వాళ్ళ ఎగతాళికి నవ్వి ఊరుకుంటాడు.

ఆ ఏడు కొడుకులిద్దరికీ ఆస్ట్రేలియా గనుల్లో సెలవు దొరకలేదు. అన్నయ్య వంగలేడు. ఇక మిగిలింది ఫెర్గసే. పైగా వాళ్ళమ్మ ఐలీన్ మొదటిసారి మా పండక్కి వస్తోంది. ముందు రోజు సాయంత్రం మా మెరెయానా, అంటే ఫెర్గస్ పెళ్ళాం, నన్ను పక్కకి లాగింది.

"అత్తా, రేపు నాన్న నోరు నువ్వే కాస్త అదుపులో పెట్టు. వాళ్ళమ్మ ముందు కూడా వెక్కిరిస్తే వచ్చే ఏడు నుంచి క్రిస్మస్ మా అమ్మ దగ్గరే చేసుకుందాం అంటున్నాడు."

"అంటే మీరిక రారా?"

"అన్నాడంటే చేస్తాడత్తా. నీకు తెలుసుగా."

మెరెయానా రాకపోతే దాని పిల్లలూ రారు. మా అన్నయ్య నోరు అదుపులో పెట్టడమంటే సముద్రానికి మూత పెట్టడమే.

ఏటా గొయ్యి ఇంటి వెనక తవ్వేవాళ్ళు. ఆ వేసవిలో వానల్లేక గడ్డి ఎండిపోయింది, ఇసుక మీద తప్ప ఎక్కడా నిప్పు రాజెయ్యొద్దని అధికారులు చెప్పారు. పండగ తెల్లారేసరికి ఫెర్గస్ పార పట్టుకుని, పడవలు లాగి పెట్టే మెరక మీద, ఒక పెద్ద పడవ వెనక నిలబడ్డాడు.

చెట్టు కింద కుర్చీలోంచి అన్నయ్య కేకేశాడు. "అక్కడ కాదల్లుడూ! ఇంకా కిందికి. అదిగో, పోటు తెచ్చి పడేసిన ఎండు నాచు ఉందే, దానికి కాస్త పైన."

"మామయ్యా, పున్నమి వెళ్ళి రెండు రోజులే అయింది. పోటు పెద్దదొస్తుందేమో. గాలి కూడా ఇటే కొడుతోంది."

"గొర్రెలు కాసుకునేవాడివి, సముద్రం గురించి నాకు చెప్తావా? నేను పుట్టిందే ఈ ఇసుకలో. తవ్వు."

నేను దుంపలు చెక్కుతూ అంతా విన్నాను. అసలు సంగతి నాకు తెలుసు. ఆ పడవ వెనక తవ్వితే ఈయన కుర్చీలోంచి కనబడదు. కనబడకపోతే పెత్తనం చెయ్యడమెలా? ఆ మాట పైకి చెప్పడానికి నామోషీ. ఫెర్గస్ ఇంకో మాట అనకుండా కిందికి దిగి తవ్వాడు.

మిగతాదంతా ఎంత బాగా చేశాడనీ! రాళ్ళు తెల్లబడేదాకా కాల్చాడు, ఎక్కడా ఆవిరి పోకుండా ఇసుక కప్పాడు. వాళ్ళమ్మ కారు దిగి, ఆ పొగల ఇసుక దిబ్బని, చెమటలు కారుతున్న కొడుకుని చూసి, "ఇదంతా నువ్వే చేశావా నాన్నా?" అంది. పిల్లాడి మొహం వెలిగిపోయింది. నాకూ ప్రాణం లేచొచ్చింది.

ఆ తర్వాత అందరం ఈతలకి పోయాం. ఐలీన్ చెప్పులు లేకుండా ఇసుకలో కాలు పెట్టి "అబ్బా, పెనం!" అని గెంతితే పిల్లలు పడీ పడీ నవ్వారు. మధ్యాహ్నం కావస్తుండగా మెరెయానా చిన్న కూతురు ఒగరుస్తూ వచ్చింది.

"అమ్మమ్మా! సముద్రం మన కోడిని తినేస్తోంది!"

చూద్దును కదా, ఒక అల నాచు గీత దాటి వచ్చి దిబ్బ అంచు నాకిపోయింది. ఇసుకలోంచి బుస్సుమని పొగ లేచింది. ఓరి దేవుడా! కాళ్ళ కిందికి నీళ్ళొచ్చేదాకా కదలరని ఎవరినో అంటారే, ఆ మాట మాకే చెల్లింది. ఫెర్గస్ పార అందుకుని గోడ కట్టడం మొదలెట్టాడు. పిల్లలు అలల మీద జారే పలకలు అడ్డం పెట్టారు. పక్క గుడారాలవాళ్ళు బకెట్లూ, ఐసుపెట్టెల మూతలూ తీసుకుని పరిగెత్తుకొచ్చారు. మేం గోడ కడుతుంటే సముద్రం తోస్తోంది. అందరూ అరుపులు, నవ్వులు. ఐలీన్ గౌను పైకి దోపుకుని, మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులా ఇసుక తోడేస్తోంది.

"ఇంత కిందికి ఎవడయ్యా తవ్వింది?" అన్నాడు పక్క గుడారపాయన, నవ్వుతూ.

"ఇంకెవరు, గొర్రెల కాపరి!" అన్నాడు మా వాళ్ళలో ఒకడు. అందరూ గొల్లుమన్నారు.

ఐలీన్ చేతులు ఆగిపోయాయి. ఫెర్గస్ చెట్టు కింద కుర్చీ వైపు చూశాడు. మా అన్నయ్య సముద్రం వైపు చూస్తున్నాడు. ఆయనకి ఆ మాట వినబడింది, నాకు తెలుసు.

"నాదే పొరపాటు. నేను చూసుకోవాల్సింది," అన్నాడు ఫెర్గస్, పార ఆపకుండానే.

నాకు ఒళ్ళు మండిపోయింది. తడి బట్టలతోనే కుర్చీ దగ్గరికి వెళ్ళాను. "ఏం, బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నావు? ఆ పిల్లాడు వాళ్ళమ్మ ముందు నీ తప్పు నెత్తినేసుకున్నాడు. నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"నువ్వు పోవే, హూరియా," అన్నాడు. అంతే. కుర్చీ పక్కనున్న కర్ర తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఇక లాభం లేదని బుట్టలు ముందే పైకి లాగారు. ఉప్పునీళ్ళు అడుగున చేరాయి గానీ బుట్టలకి అంటలేదు. దుంపలూ, కోళ్ళూ బ్రహ్మాండంగా ఉడికాయి. పంది మాంసం మాత్రం ఎముక దగ్గర ఎర్రగా ఉంది. అది చూసి గుడారాలవాళ్ళంతా తమ గ్యాసు పొయ్యిలు మోసుకొచ్చారు. ఐలీన్ కత్తి తీసుకుని చకచకా ముక్కలు కోసి, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ పనులు పురమాయించింది. కాసేపట్లో తీరమంతా కమ్మటి వాసన. తెలియనివాళ్ళు కూడా కంచాలు పట్టుకుని మా బల్ల చుట్టూ చేరారు. ఫెర్గస్ మాత్రం ఆ సందట్లో కలవకుండా పక్కన నిలబడి పార కడుగుతున్నాడు. మెరెయానా నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది.

తినే ముందు ప్రార్థన ఇంటి పెద్దే చెయ్యాలి. అన్నయ్య కర్ర ఊతంగా లేచాడు. అందరం తలలు దించి కళ్ళు మూసుకున్నాం. ఆయన ప్రార్థన మొదలుపెడితే సామాన్యంగా తెమలదు. భూమికీ, సముద్రానికీ, పోయినవాళ్ళకీ, ఉన్నవాళ్ళకీ, వండినవాళ్ళకీ పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పాడు. మా కడుపులు కాలుతున్నాయి. అప్పుడాగాడు. ఆమెన్ అనబోయాం.

"ఇంకా అవలేదు," అన్నాడు. "ప్రభువా, ఆ చోటు చూపించింది నేను. పోటొస్తుందని ఈ పిల్లాడు చెప్పాడు. నేను వినలేదు. నా కుర్చీలోంచి కనబడాలని కిందికి తవ్వించాను. వాళ్ళు నవ్వుతుంటే వాడు నా పేరు ఎత్తలేదు, నేను నోరు విప్పలేదు. వాళ్ళమ్మ వినేలా చెప్తున్నాను. ఇక నుంచి ఈ ఇంట్లో హాంగీ వాడిది. చోటు వాడే చూసుకుంటాడు, నిప్పు వాడే పెడతాడు. వచ్చే ఏడు వాణ్ణి క్షేమంగా ఇక్కడికి తీసుకురా. నా నోటికి తాళం వేసే పని కూడా నువ్వే చూసుకో, మా హూరియా వల్ల కావడం లేదు."

ఎవరో కిసుక్కుమన్నారు. నేను ఒక కన్ను తెరిచి చూశాను. ఫెర్గస్ రెండు కళ్ళూ తెరుచుకుని మా అన్నయ్యనే చూస్తున్నాడు. ఐలీన్ కొడుకు మోచెయ్యి గట్టిగా పట్టుకుని ఉంది.

"మామయ్యా," అన్నాడు ఫెర్గస్, ప్రార్థన మధ్యలోనే, "వచ్చే ఏడు దుంపలు మీరు చెక్కుతారా మరి?"

మా ఇంట్లో అంతవరకూ ఎవరూ అన్నయ్య ప్రార్థనకి అడ్డం వెళ్ళలేదు.

"చెక్కుతాన్రా," అన్నాడు అన్నయ్య.

ఆమెన్ అని నేనే ముందు అరిచాను.