ఎవరి మెడకూ చేరని గొలుసు

నేను ఒక నల్లపూసల గొలుసును. కాదంటారు నన్ను చూసినవాళ్లు. వాళ్లతో వాదించడానికి నాకు నోరు లేదు గనుక నా గోడు మీకు చెప్పుకుంటాను.

నన్ను చేసింది పూసల కొమురవ్వ. నలభై ఏళ్లుగా అంగడిలో ఒకే మూల గోనెపట్టా పరిచి కూర్చున్న మనిషి. గాజుపూసను ఇత్తడి తీగకు ఎక్కించి, చిన్న పట్టకారుతో కొసను మెలిపెట్టి, ఆ మెలికలోకి ఇంకో తీగ దూర్చి, అలా నూట ఎనిమిది పూసలు కూర్చింది. పూస పూసకూ పెళ్లికూతురి పేరు గొణిగేది. పేరు చెబుతూ కట్టిన నల్లపూసలు నూరేళ్లు నిలుస్తాయని ఆమె నమ్మకం. గాజు నూరేళ్లు ఎలా నిలుస్తుందో నాకైతే తెలియదు.

ఆ ఇంట్లో కొమురవ్వకు తెలియని సంగతి ఒకటుంది. ఆమెకు రంగులు ఆనడం లేదు. ముదురు నీలం, నలుపు రెండూ ఆమె కంటికి ఒకటే. కోడలు సుగుణ అది కనిపెట్టినా నోరు విప్పలేదు. పని మానేస్తే అత్త మంచం పడుతుందని భయం. రోజూ పొద్దున్నే లేచి పూసలు వేరుచేసి, నల్లవాటిని అత్త కుడిచేతి వైపు డబ్బాలో పోసి ఉంచేది. అత్తేమో తన చూపు ఇంకా చురుకే అనుకుని, పక్కన గాజులమ్మే ముసలాయన కళ్లజోడును వెక్కిరించేది.

ఒకసారి తన చిన్నమ్మ చనిపోయిందని సుగుణ ఊరికి వెళ్లింది. సరిగ్గా అప్పుడే అనసూయమ్మ వచ్చి, కూతురి పెళ్లికి నల్లపూసలు కావాలంది. కుడివైపు డబ్బా నిండుకుంది. కొమురవ్వ కలగలుపు పూసల మూట విప్పి తనే ఏరుకుంది. నల్లవన్నీ సుగుణ ముందే ఏరేసింది గనుక, ఈమె ఏరినవన్నీ ముదురు నీలం.

పెళ్లిలో నల్లపూసలు కట్టే వేళకు పందిట్లోకి ఎండ వచ్చి, అంతదాకా నల్లగా కనిపించిన నా నీలం బయటపడింది. పెళ్లికొడుకు తల్లి నన్ను పైకెత్తి చూసి మొహం చిట్లించింది. బజారు నుంచి వేరేవి తెప్పించి కట్టారు. నేను పసుపు పళ్లెంలో మిగిలిపోయాను.

మూడో రోజు అనసూయమ్మ కొమురవ్వ ఇంటికి వచ్చి నన్ను ఆమె ఒళ్లో పెట్టింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"నా పెండ్లికి నువ్వే చేస్తివి. నా బిడ్డకు గూడ నీ చెయ్యే ఉండాలనుకుంటి. నలుగుర్ల ఇజ్జత్ పాయె అవ్వా. ఇవి నీలప్పూసలు," అంది.

కొమురవ్వ నన్ను గడప అవతలికి తీసుకెళ్లి ఎండకు పట్టింది. అటు తిప్పింది, ఇటు తిప్పింది.

"నల్లగనే ఉన్నయి గద బిడ్డా?"

ఆ పొద్దునే ఊరి నుంచి వచ్చిన సుగుణ తల దించుకుంది. కొమురవ్వ ఆమె వైపు తిరిగింది.

"ఎన్నొద్దుల సంది నా కండ్లు గిట్లున్నయే?"

"రెండేండ్లాయె అత్తా."

రెండేళ్లుగా తాను కోడలి కళ్లతో పనిచేస్తున్నానని కొమురవ్వకు అప్పుడు తెలిసింది. గడప మీదే కూలబడి ఏడ్చింది. నాకూ దుఃఖం ఆగలేదు. ఆ చేతి ఆఖరి గొలుసును నేనే. మర్నాటి నుంచి అంగడికి సుగుణ ఒక్కతే వెళ్తోంది.

కొన్నాళ్లకు సుగుణ నన్ను అత్త మెడలో వేయబోయింది.

"నీలప్పూసలే గద అత్తా. నీ చేతి పని. ఏసుకో."

భర్త పోయి పదేళ్లయిన కొమురవ్వ చప్పున వెనక్కి జరిగింది.

"మీకు నీలం గావొచ్చు బిడ్డా. నా కండ్లకు నల్లపూసలే. మీ మామ లేనంక నేనెట్ల ఏసుకుంటనే?"

నన్ను అద్దం పక్కన మేకుకు తగిలించారు. నీలమని పెళ్లివారు వద్దన్నారు, నలుపని నన్ను చేసిన మనిషే వద్దంది. ఎండ బాగా కాసిన పూట కొమురవ్వ వచ్చి నన్ను తడిమి, కళ్లు చిట్లించి చూసి, కోడల్ని పిలుస్తుంది.

"ఇయ్యాల గూడ నీలమేనానే?"

"నీలమే అత్తా," అంటుంది సుగుణ. ఇప్పుడామె అత్త దగ్గర ఏదీ దాచడం లేదు.