నూతి దగ్గరి మట్టి

శాంతకుమారి జామకాయను రెండుగా కోసి, లోపల చూసి, మళ్ళీ మూసేసింది. పైకి నిగనిగలాడే పిడికిలంత కాయ. లోపల మాత్రం గింజల చుట్టూ గోధుమరంగు మచ్చ, చప్పగా నీళ్ళోడే కండ. పొద్దుటినుంచి ఇది ఏడోది. అత్తగారికి పెట్టడానికి ఒక్కటీ పనికిరాలేదు.

నిన్ననే పోర్ట్ బ్లెయిర్ గోల్ ఘర్‌లోని పళ్ళకొట్టు వీరరాఘవయ్య రెండు బుట్టలు వెనక్కి పంపి ఫోను చేశాడు. "దీదీ, మెయిన్‌లాండ్ నుంచి ఓడలో వచ్చిన నాష్‌పాతీ, అదే బేరికాయ, పది రోజులైనా గట్టిగా ఉంటాది. మీ ఫెరార్గంజ్ జామ దారిలో గరాచర్మ దాటేసరికే మెత్తబడిపోతోంది. క్యా డాలా ఇస్మే, ఏం వేశారు దీనికి? ఇలాగైతే వచ్చే కాపు నేను తీసుకోను." ఆ మాట భర్త సత్యారావుకి చెబితే, "నువ్వే ఆలీసంగా కోసుంటావు" అన్నాడు. తప్పు ఎక్కడ పుట్టినా ఆ ఇంట్లో చివరికి ఆవిడ నెత్తినే పడుతుంది.

సునామీ నాడు క్రీకులోంచి ఉప్పునీళ్ళు ఎగదన్ని వాళ్ళ వరిపొలాన్ని ముంచేశాయి. మూడు వానాకాలాలు కడిగితేగానీ అక్కడ గడ్డి మొలవలేదు. సత్యారావు పొలానికో దండం పెట్టి పోర్ట్ బ్లెయిర్‌లో కాంట్రాక్టు పనుల్లో పడ్డాడు. గట్టు వేయించిందీ, ఉప్పు విరగడానికి జిప్సం మోసిందీ, నలభై జామమొక్కలు నాటిందీ శాంతకుమారే. "పోనీలే, నీకూ కాలక్షేపం" అనేవాడాయన. తోట కాపుకొచ్చిన ఏడు మాత్రం హఠాత్తుగా రైతయిపోయాడు. కిందటేడు వ్యవసాయాఫీసుకి పరీక్షకు మట్టి పట్టుకెళ్ళిందీ ఆయనే. సున్నం, పొటాష్ కావలసినంత ఉన్నాయి, యూరియా ఒక్కటి వేస్తే చాలని కాగితం వచ్చింది. "సూసినావా? ఇన్నాళ్ళూ నువ్వు మోసిన జిప్సం అంతా వేస్టే" అని నవ్వి, యూరియా దండిగా చల్లించాడు.

యూరియా ఒక్కటే తిన్న చెట్టు ఆకు వేస్తుంది, కాయ ఉబ్బుతుంది. కండ గట్టిపడాలంటే సున్నం కావాలి, తీపి పట్టాలంటే పొటాష్ కావాలి. పదేళ్ళుగా ప్రతి చెట్టు కాయా నాలుక మీద పెట్టుకుని తెలుసుకున్న సంగతి అది. మరి ఆ కాగితం అబద్ధమా, తన నాలుక అబద్ధమా? గిన్నెలు తోముతూ లేచింది, తోటలోకి నడిచింది, వెనక్కొచ్చింది, ఎసట్లో బియ్యం పోసి మళ్ళీ లేచింది. ఈ కాపు కూడా పాడైతే వీరరాఘవయ్య మొహం చూడడు. అప్పుడు సత్యారావు చెట్లు కొట్టించి గోడౌన్ కడతానంటాడు. ఆ మాట ఇప్పటికే రెండుసార్లు అన్నాడు.

"అత్తా, కిందటేడు ఆయన మట్టి ఎక్కడ తవ్వినారు?"

కామేశ్వరమ్మ తమలపాకు నములుతూ, "ఎక్కడేటే, నూతి కాడే. వానలో బూట్లు బురదైపోతాయని ఇక్కడే గొయ్యి తీసినాడు" అంది.

శాంతకుమారి నూతి వైపు చూసింది. రోజూ పొయ్యిలో బూడిద, గుడ్ల పెంకులు, చేపల పొట్టు, ముళ్ళు, బియ్యం కడిగిన నీళ్ళు, అన్నీ తను కుమ్మరించేది అక్కడే. కాగితంలోని పొటాష్ ఆ బూడిదది, సున్నం ఆ పెంకులదీ ముళ్ళదీ. ముందు నవ్వొచ్చింది. ఆ వెనకే ఒళ్ళు మండిపోయింది.

మధ్యాహ్నం సత్యారావు ఆటోలో ఆరు యూరియా సంచులు వేసుకుని దిగాడు. శాంతకుమారి గుమ్మంలోకొచ్చింది.

"సంచులు దింపించకండి. రేపు చెట్ల మొదళ్ళలో నేనే మట్టి తీసి ఆఫీసుకి పట్టుకెళ్తాను. పదిహేను చోట్ల తవ్వాలి. మీకూ అత్తకీ వంట మీరే సూసుకోండి."

"పిచ్చేటి నీకు? టెస్టు అయిపోయింది కదా. మన తోట మట్టి ఫస్ట్ క్లాసని ఆఫీసర్ సాబ్ అన్నాడు."

"మీరు తవ్వింది నూతి కాడండి. ఆయన ఫస్ట్ క్లాసన్నది తోటని కాదు, నా పదేళ్ళ చాకిరీని. మీరు దాన్ని సంచిలో పోసి, మీ పేరు రాసి ఇచ్చొచ్చారు."