వాకిట్లో ‘నేనే’

నా భార్య సుధారాణి పోయాక మూడో ఆదివారం మా ప్రార్థనలోకి ఎవరో జొరబడ్డారు.

మా ఇల్లు ఎల్లారెడ్డిలో. ఇక్కడి హైస్కూల్లో తెలుగు చెబుతాను. లాక్‌డౌన్ వల్ల ఒకచోట కూడే వీలు లేక, ఆమె కోసం వారం వారం వీడియో మీటింగులోనే ప్రార్థన పెట్టుకునేవాళ్లం. కామారెడ్డి నుంచి బావమరిది డేవిడ్, రామారెడ్డి నుంచి అత్తమ్మ సాలవ్వ, రాజంపేట నుంచి పాస్టరు, ఇంకా చుట్టాలు, అంతా కలిసి ఇరవై మంది. డేవిడ్ మంచి మనసుతోనే ఆ లింకును తనకున్న గ్రూపులన్నిటిలో పెట్టాడు. ‘మీవాడే’ అనే పేరుతో ఒకడు వచ్చాడు. తెర మీద సుధారాణి ఫొటో ఉంది. వాడు ఏదో పాట గట్టిగా పెట్టి, ఆ ఫొటోకు ఎర్రగీతతో మీసాలు గీశాడు. ఎలా ఆపాలో నాకు తెలియలేదు. మీటింగు మొత్తం కట్టేసేసరికి అర నిమిషం పట్టింది. అందరూ చూశారు. అత్తమ్మ చూసింది.

ఆ తర్వాత రెండు వారాలు ఆమె ప్రార్థనకు రాలేదు.

నలభయ్యో రోజు జ్ఞాపకార్థ కూడికకు వస్తానని డేవిడ్‌తో చెప్పి పంపింది. పాట కూడా పాడుతుందట. ఆమె బీడీలు చుడుతూ పాడుతుంటే పక్కన కూర్చుని సుధారాణి నేర్చుకున్న పాట అది. మా ఇంట్లో తోటకూర తుంచుతూ పాడేది. రెండు చరణాలయ్యాక మూడోది రాక, మొదటిదే మళ్లీ అందుకునేది. తెలుగు సారు పెండ్లానికి మూడు చరణాలు నోటికి రావా అని నేను ఏడిపించేవాణ్ని. ఇప్పుడు ఆ తల్లి పాటకు ఎవడూ అడ్డం రాకూడదు. నేను చేయగలిగిన పని అదొక్కటే మిగిలింది అనుకున్నాను.

వారమంతా ఆ యాప్ సంగతులే చదివాను. కొత్త లింకు తీసి, గ్రూపులో పెట్టకుండా ఒక్కొక్కరికీ విడిగా పంపాను. పాస్‌వర్డు ఫోన్ చేసి నోటితో చెప్పాను. తెర మీద నేను తప్ప ఎవరూ ఏమీ చూపకుండా, గీయకుండా చేశాను. వచ్చేవాళ్ల మైకులు మూసి ఉంటాయి. వాళ్లు ముందు బయట ఆగుతారు, పేరు చూసి నేను లోపలికి తీసుకుంటాను. అందరూ వచ్చాక తాళం వేస్తాను. ఇవన్నీ తెల్లకాగితం మీద రాసి, ఫొటో తీసి అందరికీ పంపాను. ఆఖరున ‘పేరు, ఊరు రాయనివారికి ప్రవేశం లేదు’ అని రాసి, దాని కింద గీత గీశాను.

డేవిడ్ ఫోన్ చేశాడు. “బావా, ఇది కూడికనా, పదో తరగతి పరీక్షనా? హాల్ టికెట్ గూడ తెమ్మంటవా?” అన్నాడు. ఆ నలభై రోజుల్లో నేను నవ్వింది అప్పుడే.

ఆదివారం పదకొండు గంటలకు పేర్లు రావడం మొదలైంది. ‘భీమేష్, నస్రుల్లాబాద్’. ‘మహేశ్వరి, బాన్సువాడ’. ఒక్కొక్కరినే చూసి లోపలికి తీసుకున్నాను. డేవిడ్‌కు ఆ రోజు డ్యూటీ, ఆఫీసు నుంచే కలిశాడు. ఆ తర్వాత ‘నేనే’ అని ఒక పేరు వచ్చింది. ఊరు లేదు.

నాకు ‘మీవాడే’ గుర్తొచ్చాడు. వాడే పేరు మార్చుకుని వచ్చాడనుకున్నాను. తొలగించడానికి వేలు పెట్టబోతుంటే పాస్టరు ప్రార్థన మొదలుపెట్టారు. కళ్లు మూసుకోవాలి కనుక చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

కళ్లు తెరిచేసరికి ‘నేనే’ అక్కడే ఉంది. బయట ఆగినవాళ్లకు రెండు ముక్కలు రాసి పంపే వీలుంది. ‘పేరు, ఊరు రాసి మళ్లీ రండి’ అని పంపాను. పేరు మారలేదు. అక్కడ ఆగినవాళ్లు పోనూ లేదు. అల్లరివాడికి ఇంత ఓపిక ఉంటుందా అని ఒకసారి అనిపించింది. అయినా తలుపు తీయలేదు.

అత్తమ్మ ఇంకా రాలేదు. రామారెడ్డిలో సిగ్నల్ అందలేదేమో అనుకున్నాను. మనసొప్పలేదేమో అని కూడా అనుకున్నాను. అలాంటప్పుడు ఫోన్ చేస్తే బలవంతపెట్టినట్టు ఉంటుందని ఊరుకున్నాను. మహేశ్వరి మాట్లాడింది. సుధారాణి, తాను ఒకే సైకిలు మీద బడికి పోయిన రోజులు చెప్పింది. ఇక పాట వంతు వచ్చింది.

“బావా, అవ్వ ఏది?” అని డేవిడ్ తల్లి కోసం అడిగాడు. “పక్కింటి గంగమణికి చెప్పిన గద, కలిపి ఇయ్యుమని. కలిపిన అన్నది.”

అప్పుడు ఫోన్ చేశాను. మొదటి రింగుకే ఎత్తింది.

“అత్తమ్మా, యాడున్నరు?”

“వాకిట్లనే కూసున్న, సారూ.” పెళ్లయిన నాటి నుంచి ఊరందరిలాగే ఆమె కూడా నన్ను సారనే పిలుస్తుంది.

“ఏ వాకిట్ల?”

“నీ మీటింగు వాకిట్ల. ఆగుమని రాసి ఉన్నదట. ఆగిన.”

ఏం పేరు పెట్టారని అడిగాను. ఫోను పేరు అడిగితే, గంగమణి ‘ఎవరని అడుగుతుంది, చెప్పు అవ్వా’ అని మూతి దగ్గర పెట్టిందట. ఈమె ‘నేనే’ అంది. ఫోను విన్న మాటనే పేరుగా రాసుకుంది. గంగమణి మిగిలిన బీడీలు కట్టడానికి పోయింది; నేను పంపిన ముక్కలు చదివి చెప్పేవాళ్లు ఆమె పక్కన లేరు.

“తలుపు కొట్టినోళ్లు నేనే అంటరు గని, సొంతోళ్ల కాడ పేరు, ఊరు చెప్తరా సారూ?” అంది.

గోడ గడియారం చూశాను. పాతిక నిమిషాలు. ఒక్క ఫోన్ చేసి అడగవలసింది కదా అన్నాను, తప్పు నాదే అయినా.

“దవాఖాన్ల గూడ గిట్లనే కూసున్న. రెండు దినాలు. ఆడ తియ్యలె. ఈడ లోపట నువ్వున్నవు గద, తీస్తవని కూసున్న.”

కామారెడ్డిలో సుధారాణిని చేర్చిన ఆ దవాఖానా బయట, ఆమె పక్కన నేనూ కూర్చున్నాను. ఆ రోజుల్లో వార్డులోకి ఎవరినీ పంపేవాళ్లు కాదు. ఆ రెండు రోజుల గురించి మేమిద్దరం అప్పటిదాకా ఒక్క మాట అనుకోలేదు. ఫోన్ పెట్టేశాను. ‘నేనే’ని లోపలికి తీసుకున్నాను.

తెర మీద సగం నుదురు, పైన ఇంటి రేకులు కనిపించాయి. ఆమె మైకు తెరిచాను. మీటింగుకు తాళం వేశాను. “తీసిండా? పాడు అవ్వా” అని తిరిగొచ్చిన గంగమణి గొంతు, ఎవరింట్లోదో కుక్కరు కూత, ఒక కోడి, అన్నీ వచ్చాయి. వాటిని దేన్నీ మూయలేదు.

అత్తమ్మ పాడింది. గొంతు రెండు చోట్ల ఆగి, మళ్లీ సాగింది. రెండు చరణాలు పాడి, ఊపిరి తీసుకుని, మొదటి చరణమే మళ్లీ అందుకుంది. అంత కచ్చితంగా, ఆ పాట అంతే ఉన్నట్టు.

పదకొండేళ్లు నేను ఏడిపించింది ఊరికే. సుధారాణి దేన్నీ మరచిపోలేదు. నేర్చుకున్నదే అలా.

పాట అయ్యింది. “నేనే గారూ, మంచిగ పాడిండ్రు” అని డేవిడ్ అన్నాక అందరి మొహాల్లో కొంచెం వెలుగు వచ్చింది. ఏం మాట్లాడుతున్నావురా అని అత్తమ్మ కసిరింది.

ఆ సాయంత్రం కాగితం తీసి, గీత గీసిన మాట కింద ఇంకొకటి రాశాను. ‘తాళం వేసే ముందు, రానివారికి ఫోన్ చేయాలి.’ ఇది వాళ్లకు పంపలేదు. నా కోసమే.

ఆమె పేరు సరిచేయడం నాకు ఒక్క నిమిషం పని. చేయలేదు. పై ఆదివారం మళ్లీ ‘నేనే’ అని వచ్చినప్పుడు, ఎవడైనా ఆ పేరు పెట్టుకోవచ్చు కనుక, తీసే ముందు ఫోన్ చేశాను.

“అత్తమ్మా, వాకిట్ల ఎవరు?”

“నేనే,” అంది. “ఇగ తియ్యి బిడ్డా.”