సాంగా నా, సంగన్నా!

ప్రభుత్వంలో ఒక శాఖ ఉంది. పేరు రాయను. రాస్తే వాళ్ళకేమీ కాదు, మాకే అవుతుంది. తెలంగాణ సరిహద్దుకు మరాఠీ వైపున, ఇస్లాపూర్ దాటాక అడవి అంచున ఆ శాఖకు ఒక విశ్రామగృహం ఉంది. విశ్రాంతి కోసం అక్కడికి ఎవరూ రారు కాబట్టి అది చాలా విశ్రాంతిగా ఉంటుంది. ఏటా దానికి రంగు వేయిస్తారు. ఏటా పరదాలు మారుస్తారు. గడ్డి కోసే మిషను కూడా కొన్నారు, గడ్డికే ఇంకా మంజూరు రాలేదు. పనిచేసేవాళ్ళు ఏడుగురు. రంగు, పరదాలు, మిషను, ఆ ఏడుగురు మనుషులు, అన్నిటికీ గుత్తేదారు ఒక్కడే, శివరాం సేఠ్. నలుగురైదుగురు గుత్తేదార్లు ఉంటే సాహెబులు ఎంతమంది నమస్కారాలు అందుకోవాలి? ఒక్కడైతే సుఖం.

ఇదంతా నిజమేనా అని జనం ముందు కూర్చుని అడిగి చూసే కొలువు మా సాయలిది. దాన్ని మరాఠీలో సామాజిక్ అంకేక్షణ్ అంటారు. మా ఆయన అంబాదాస్‌కు ఆ మాట నోరు తిరగక, వజీరాబాద్‌లో మా కిరాణా దుకాణానికి వచ్చినవాళ్ళందరికీ "మా బిడ్డ చెకింగ్ ఆఫీసర్" అని చెప్పుకుంటాడు. ఆఫీసరూ కాదు, ఏమీ కాదు. కాంట్రాక్టు పని. ముగ్గురు ఉండాల్సిన చోట మా పిల్ల ఒక్కతే ఉంది, తక్కిన రెండు కొలువులూ ఖాళీ. మనుషులు సరిగ్గా ఉన్నారా లేదా అని చూసే ఆఫీసులోనే మనుషులు లేకపోవడం నాకైతే వింతగా అనిపించలేదు. వైద్యుడి ఇంట్లో రోగం ఉండదా ఏమిటి?

నా భయం వేరే. ఆ కాంట్రాక్టు నెలాఖరుకు అయిపోతుంది. మళ్ళీ సాగాలంటే సాహెబు సంతకం కావాలి. సాహెబంటే మరెవరో కాదు, ఆ శాఖ సాహెబే. ఎవరి ఖర్చులు చూడాలో ఆయన దయ ఉంటేనే చూసేవాళ్ళ కొలువు నిలుస్తుంది. ఈ ఏర్పాటు చేసిన మహానుభావుడెవరో గానీ, పిల్లల్ని అదుపులో పెట్టడం తెలిసిన మనిషి. నాలుగేళ్ళు పరీక్షల మీద పరీక్షలు రాసి, కళ్ళద్దాల నంబరు తప్ప ఇంకేదీ పెరగని పిల్లకు దొరికిన కొలువది. అది పోతే మళ్ళీ ఆ గది, ఆ పుస్తకాలు, తలుపు మూసుకుని ఏడ్చే ఆ చప్పుడు. నేను వినలేను.

అందుకే ఆ విశ్రామగృహంలో సున్వాయి పెట్టారని, అంటే జనం ముందు విచారణ ఉందని తెలియగానే సంచి సర్దాను.

"నువ్వెందుకమ్మా? ఆఫీసు పనికి ఎవలన్న తల్లిని ఎంబడి తీస్కపోతరా?" అంది సాయలి.

"గా సేఠు ఎంబడి ఎంతమంది అస్తరో నీకెర్కనా? నీ ఎంబడి ఒక్కదాన్నన్న ఉండాలె."

"ఉండి ఏం జేస్తవ్?"

"ఏం జెయ్య. ఊకనే కూసుంట."

బస్సు లోయలో పడుతుందని ఇస్లాపూర్ దాకా భయపడ్డాను. పడలేదు. తర్వాత ఎలుగుబంటి వస్తుందని భయపడ్డాను. అదీ రాలేదు. ఇక మిగిలింది అసలు భయం.

"ఏడుగురని రాసెయ్యి బిడ్డా. నీ సొమ్మేం పోతది?"

"ఏడుగురుంటె ఏడుగురనే రాస్త."

"లేకుంటె?"

పిల్ల కిటికీలోంచి బయటికి చూసింది. దాని పెదవి బిగుసుకుంది. ఆ పెదవి వాళ్ళ నాన్న తల్లిది. ఆమె కూడా ఎవరి మాటా వినేది కాదు.

మేము దిగేసరికి విశ్రామగృహం వాకిట్లో ఒక ముసలాయన చీపురుతో ఊడుస్తున్నాడు. పేరు సంగన్న. చెవి కొంచెం మందం. అవతలి వైపు, తెలంగాణలో పుట్టి, ఈ ఊరికి ఇల్లరికం వచ్చాడట. మరాఠీ రాదు. "ఇంట్ల నన్ను మాట్లాడనిస్తె గదా, నేర్సుకుందును" అని ఆయనే చెప్పాడు. చీపురు పక్కన పెట్టి చాయ్ కాచి తెచ్చాడు. గుత్తేదారు ఇలాకాలో చాయ్! అందులో ఏం కలిపారో ఎవరికి తెలుసు? సాయలి కప్పు కూడా నేనే అందుకుని తాగేశాను.

"గదేంది చెల్లె, బిడ్డ చాయ్ గూడ నువ్వే తాగవడ్తివి?"

"సక్కెర సరిపోయిందా అని సూసిన అన్నా."

"రెండు కప్పులల్ల రెండు తీర్ల సక్కెర ఉంటదా?"

కాసేపు ఆగినా నాకేమీ కాకపోయేసరికి, మూడో కప్పు అడిగి పిల్లకిచ్చాను.

ఇంతలో జీపు వచ్చింది. ముందు శివరాం సేఠ్ దిగాడు. వెనకనుంచి కొత్త ఖాకీ చొక్కాలు తొడుక్కున్న ఆరుగురు దిగారు. పెట్టెలోంచి తీసిన మడతలు చొక్కాల మీద అట్లాగే ఉన్నాయి. ఒకతని కాలరుకు గుండుసూది కూడా తీయలేదు, తల తిప్పినప్పుడల్లా ఉలిక్కిపడుతున్నాడు. చాలాకాలంగా కొలువు చేస్తున్నవాళ్ళు అట్లాగే ఉంటారు మరి.

సేఠ్ నా దగ్గరికొచ్చి రెండు చేతులూ జోడించాడు, నా పేరు కూడా ముందే కనుక్కుని. "అనుసూయాబాయి, మీరు గూడ అచ్చిండ్రా! మంచిగైంది. బిడ్డ బాగ సదువుకున్నది, ముందుకు పోవాలె. సాహెబుతోని నేను మాట్లాడి పెట్టిన. మనోళ్ళు మనోళ్ళకు అడ్డం పడొద్దు గదా?"

"ఎందుకు పడ్తం అన్నా? మాకు పడుడే రాదు" అన్నాను. సాయలి నా వైపు ఒక చూపు చూసింది. ఆ చూపుకు కాచిన పాలైనా విరిగిపోతాయి.

వరండాలో చాపలు పరిచారు. ఊరివాళ్ళు వచ్చి కూర్చున్నారు. అందరూ తెలుగువాళ్ళే, మరాఠీ కొంత వచ్చినవాళ్ళే. వెనక స్తంభం దగ్గర సంగన్న కూర్చున్నాడు. మధ్యలో ఒక్క కుర్చీ, దాంట్లో అప్పుడే తన జీపులో వచ్చిన సాహెబు. మెత్తటి మనిషి. ఎవరినీ కసరడు. పైగా ప్రతి ప్రశ్న చివరా బతిమాలినట్టు "సాంగా నా!" అంటాడు. మరాఠీలో చెప్పండి మరి అని అర్థం.

"కామ్ చాంగ్లం చాల్లంయ్ నా? సాంగా నా!" అని మొదలుపెట్టాడు సాహెబు. పని బాగా నడుస్తోంది కదా, చెప్పండి మరి అని.

వెనకనుంచి సంగన్న లేచాడు. "అచ్చిన సాబ్!"

నీళ్ళ కోసం పిలిచారనుకున్నాడేమో, గబగబా లోపలికి పోయి నీళ్ళ గ్లాసు తెచ్చి సాహెబు చేతికిచ్చాడు. సాహెబు తాగాడు. జనం ముసిముసిగా నవ్వారు. నేనూ నవ్వాను, అప్పటికింకా నవ్వొచ్చు కాబట్టి.

సాయలి తన దగ్గరున్న కాగితం చూసి ఒక్కొక్క కొలువే చదువుతోంది, సాహెబు అడుగుతున్నాడు.

"స్వయంపాకీ కోణ్? సాంగా నా!" వంటవాడెవరని.

ఖాకీ చొక్కా ఒకటి లేచి నిలబడింది. సంగన్నా లేచాడు. "నేనే సాబ్."

"మాళీ కోణ్? సాంగా నా!" తోటమాలి ఎవరని.

గుండుసూది కాలరువాడు లేచాడు. సంగన్నా లేచాడు. "నేనే సాబ్, ఈడనే ఉన్న."

"చౌకీదార్ కోణ్? సాంగా నా!"

ఈసారి సంగన్న స్తంభం పట్టుకుని మూలుగుతూ లేచాడు. "ఉన్న సాబ్, ఎటు వోలె! ఎన్నిమాట్ల పిలుస్తరు?"

జనం పొట్టలు పట్టుకున్నారు. సేఠ్ కూడా నవ్వి, చెవి దగ్గర చేయి ఆడించి సాహెబుకు సైగ చేశాడు, చెవిటివాడు, పట్టించుకోకండి అని. సాహెబు తల ఊపాడు. అంతా సర్దుకుంది. అక్కడితో ఊరుకుంటే ఏడు కొలువులకు ఆరు చొక్కాలూ ఒక సంగన్నా లెక్కకు లెక్క సరిపోయి, భోజనాలు చేసి, ఎవరి బస్సు వాళ్ళం ఎక్కేవాళ్ళం.

ఊరుకోవడం నా వల్ల అయితే కదా. ఈ ముసలాయన ఇంకోసారి లేస్తే ఏం కొంపలు మునుగుతాయో! చాపల మీదుగా వంగి వంగి ఆయన దగ్గరికి పోయాను.

"అన్నా, కూసో. నిన్ను ఎవలు పిలుస్తలేరు. సాంగా నా అంటె నీ పేరు కాదు. చెప్పుండ్రి అని."

ఆయనకు చెవి మందం కదా, కొంచెం గట్టిగానే చెప్పాను. ఆ కొంచెం గట్టికి వరండా అంతా మా వైపు తిరిగింది.

"ఏందీ? చెప్పుమంటుండ్రా?"

"ఆఁ, చెప్పుమంటుండ్రు, గంతే. నువ్వు కూసో."

"గా ముక్క ముందుగాల్నే అంటె అయిపోవు గదా చెల్లె! ఇన్నేండ్ల సంది ఒక్కడన్న చెప్పు సంగన్నా అని అడిగిండా?" ముసలాయన భుజం మీది తువ్వాలు దులిపి ముందుకు నడిచాడు. "సాబ్, వంట నేనే జేస్త. అంటె ఎవలన్న అస్తె. ఎవలు రారు. మొక్కలకు నీళ్ళు నేనే పోస్త, ఊడ్సుడు నేనే, రాత్రి కావలి నేనే. రాత్రి ఇంటికి వోతె నా పెండ్లాం ఒర్లుతది, అందుకే కావలి సుఖం. గీ పోరగాండ్లంటరా, మంచోళ్ళే కావచ్చు. ఇయ్యాల జీపు దిగంగ సూసిన, గంతకుముందు సూడలే."

అప్పుడే గుండుసూది కాలరువాడికి ముఖ్యమైన సందేహం వచ్చింది. "సేఠ్, గీ అంగీలు మాకే ఇడుస్తరా, మల్ల ఇచ్చెయ్యాలెనా?"

శివరాం సేఠ్ ముఖం ఆ ఏటి రంగు వేయకముందు గోడలా అయింది.

సాహెబుకు తెలుగు ముక్క రాదు. సాయలి వైపు తిరిగి, మెత్తగానే, "కాయ్ మ్హణ్తాత్ తే?" అన్నాడు. ఆయనేమంటున్నాడు అని.

అందరి కళ్ళూ నా బిడ్డ మీద. సేఠ్ కళ్ళు కూడా. ఒక్క చిన్న అబద్ధం చాలు. అది కూడా మరాఠీలో, సాహెబుకు వినసొంపుగా.

"పానం బాగలేదంటుండని చెప్పు బిడ్డా" అన్నాను. "కాళ్ళ నొప్పులంటుండని చెప్పు. నీ కాళ్ళు మొక్కుత."

సాయలి కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టుకుంది. సంగన్న చెప్పింది చెప్పినట్టు మరాఠీలో చెప్పింది. వంట, నీళ్ళు, చీపురు, జీపు. ఆఖరికి ఆయన పెళ్ళాం గురించి అన్నది కూడా వదల్లేదు.

సాహెబు ఖాళీ గ్లాసు కింద పెట్టాడు. "ఛాన్," అన్నాడు. భేషని. "లిహా." రాయమని. సాయలి ఒక్కడని రాసింది. ఆయన లేచి, భోజనానికి ఆగకుండా జీపెక్కాడు. వెనకే సేఠ్ జీపులో చొక్కాలు కూడా వెళ్ళిపోయాయి. మడతలింకా విప్పుకోలేదు, పాపం.

బస్సులో నేను ఏడుస్తూనే ఉన్నాను. "పోయింది. కొలువు పోయింది. నిక్షేపమసొంటి కొలువు."

"నేనేం జేసిన అమ్మా?" అంది సాయలి. "ఊకనే కూసుంట అన్నదెవలు? అర్థం జెప్పిందెవలు?" తల నా భుజం మీద పెట్టింది. "నాకు గూడ బుగులైంది. కొలువు పోతదని నాకు ఎర్కలేదా?"

నేను సంచిలోంచి జొన్నరొట్టె తీసి ఇచ్చాను.

నెలాఖరు వచ్చింది. నేను మొక్కని దేవుడు లేడు. ఫోను మోగితే సేఠ్ మనుషులని, మోగకపోతే వాళ్ళు నేరుగా ఇంటికే వస్తున్నారని భయపడ్డాను. ఆఖరికి పైఆఫీసు నుంచి ఫోను వచ్చింది. సర్కారు ఈ విషయాన్ని చాలా తీవ్రంగా తీసుకుందట. ఏడుగురి కొలువుల్లో ఒక్కడే ఎట్లా ఉన్నాడో తేల్చడానికి విచారణ సమితి వేసిందట. సమితిలో ఎంతమందో మీరే ఊహించుకోండి. వాళ్ళందరికీ మకాం ఆ విశ్రామగృహంలోనే. వాళ్ళెవరికీ తెలుగు రాదు, సంగన్నకు మరాఠీ రాదు, ఇంకో మనిషిని వేసుకోవడానికి మంజూరు లేదు. కాబట్టి విచారణ ముగిసేదాకా సాయలి కాంట్రాక్టు సాగుతుంది. ఈసారి సంతకం సమితిదే, సాహెబుతో పనిలేదు.

మా ఆయన దుకాణంలో పేడాలు పంచాడు. ఆ శాఖలో మొదలైన విచారణ ముగియడం ఆయన పుట్టినప్పటి నుంచి చూడలేదట. పెన్షను దాకా ఢోకా లేదన్నాడు.

పిల్ల అక్కడికి వెళ్ళాక ఫోను చేశాను. ముందు ఎత్తింది సంగన్న.

"బిడ్డ మంచిగున్నది చెల్లె. గీ బంగ్లాకు మనుషులచ్చిండ్రంటె మల్ల గిప్పుడే. అందరికి నేనే వండుతున్న, నేనే ఊడుస్తున్న. రాత్రి కావలి గూడ నేనే."

తర్వాత సాయలి. గొంతులో హుషారు చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. "అమ్మా, సమితిల కొత్తగ స్వప్నిల్ సర్ అని అచ్చిండు. మస్తు పనిమంతుడు. పొద్దుగాలనే కూసుంటడు, అన్ని కాగితాలు తానే సదువుతడు. గుత్త ఎట్ల ఇచ్చిండ్రో అంత ఎల్లదీసిండు. గిట్లనే నడిస్తె దసరా లోపట తేల్చేస్తా అంటుండు!"

దసరా లోపట! పెన్షను దాకా అనుకుని పేడాలు పంచిన కొలువది.

"బిడ్డా," అన్నాను గొంతు తగ్గించి, "గసొంటి మంచోళ్ళను సర్కారు ఒక్క తాన ఉంచదు గదా? ఆయనకు బదిలీ గిట్ల ఎప్పుడైతదో జర అడిగి సూడు."