హాబీ గదిలో పడవ

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా అమ్మ కనిపించిన ప్రతివాళ్ళకీ చెబుతుంది. అబద్ధం. ముక్కు మీద ఉండే కోపం తుమ్మితే పోతుంది. నాది కడుపులో ఉంటుంది, అక్కడే కాపురం పెడుతుంది. గోదాముల వీధిలో నేను అపార్ట్‌మెంటు అద్దెకు తీసుకున్నది నీళ్ళు కనిపించే బాల్కనీ కోసం కాదు. పగ తీర్చుకోవడానికి.

ఆ వీధి ఇప్పుడు చూడముచ్చటగా ఉంటుంది. ఒకప్పుడు సరుకు బస్తాలు పేర్చిన గోదాములన్నీ ఇళ్ళయిపోయాయి. ఇటుక గోడలు రుద్ది కడిగారు, ఇనప స్తంభాలకు నల్లరంగు వేశారు, సాయంత్రం షికార్లకు ఒడ్డు పొడవునా చెక్క బాట పరిచారు. ఆ బాట మొదలయ్యే చోటే మా నాన్న షెడ్డు ఉండేది. నాన్న చెక్క పడవలు కట్టే మేస్త్రి. నీళ్ళు చొరకుండా పలకల మధ్య సందుల్లో పీచు కూరి కొయ్యసుత్తితో దట్టించేవాడు. పొద్దస్తమానం టకటక, టకటక. ఆ చప్పుడులోనే నేను పాకాను, నడిచాను, ఎక్కాలు నేర్చుకున్నాను. ఈ రోజుకీ నిశ్శబ్దంగా ఉంటే నాకు పని సాగదు.

గోదాముల్లోకి కాపురాలు దిగగానే మొదట మా షెడ్డుకు వచ్చినవాడు నివాసుల సంఘం అధ్యక్షుడు. రిటైరైన లాయరు. ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా, తేనె పూసిన గొంతు. నేను నాన్నకు మధ్యాహ్నం భోజనం తీసుకెళ్ళి, క్యారియరు చేత్తో పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాను.

"మేస్త్రిగారూ, మీ పనితనం గొప్పదే, కాదనను. కానీ ఇప్పుడిక్కడ జనం ఉంటున్నారు. మీరు వేరే చోటు చూసుకుంటే బాగుంటుంది" అన్నాడు.

ఇప్పుడిక్కడ జనం ఉంటున్నారట! మరి అంతకుముందు ఉన్న మేమెవరం, పందికొక్కులమా? ఆ క్యారియరు అతని నెత్తిన బోర్లించాలనిపించింది. నాన్న మాత్రం సుత్తి పక్కన పెట్టి, "అలాగేనండీ" అన్నాడు. అంతే. నోట్లో వేలు పెట్టినా కొరకని మనిషి మా నాన్న. తర్వాత సంతకాలు పోగయ్యాయి, ఫిర్యాదులు వెళ్ళాయి, షెడ్డు నేలమట్టమైంది. నాన్న పనిముట్లు ఆ గోదాముల్ని ఇళ్ళుగా మార్చిన బిల్డరు మనుషులు వ్యానులో వేసుకుపోయారు.

నాన్న ఇంట్లో పడ్డాడు. టీవీ ముందు కూర్చునేవాడు, దాని గొంతు కూడా నొక్కేసి. అడిగితే ఊ, లేకపోతే ఊహూ. వేళ్ళు మాత్రం కుర్చీ చెయ్యి మీద ఆడుతూ ఉండేవి.

"మనిషి ఇంట్లో ఉన్నాడో లేడో తెలియడం లేదే. ఆ టకటకలున్నప్పుడే నయం, ఎక్కడున్నాడో తెలిసేది" అనేది అమ్మ, కూరగాయలు తరుగుతూ.

నేను కొత్త రేవులో క్రేను నడుపుతాను. పైన గాజు గదిలో కూర్చుంటే నీళ్ళ అవతల గోదాముల వీధి మొత్తం కనిపిస్తుంది. ఒకరోజు ఒక బాల్కనీకి 'అద్దెకు' అన్న బోర్డు వేలాడుతూ కనపడింది. అది అధ్యక్షుడి బిల్డింగే. డ్యూటీ దిగి నేరుగా అక్కడికి వెళ్ళాను. నిజం చెప్పొద్దూ, లోపల ఎంత వైభోగం వెలగబెట్టారో చూసి, కడుపారా తిట్టుకుని వద్దామనే వెళ్ళాను.

అద్దె ఏజెంటు వాగుడుకాయ. ఫ్లాటు చూపించి ఊరుకోక, "కింద హాబీ గది కూడా ఉంది మేడమ్, మన నివాసులకు మాత్రమే" అంటూ లాక్కెళ్ళాడు.

పొడవాటి గది. నీటివైపు అద్దాల గోడ. ఎదురు గోడకు బుల్లి బుల్లి దీపాల కింద మేకులకు వేలాడుతూ మా నాన్న ఉలులు, మా నాన్న బాడిస, మా నాన్న కొయ్యసుత్తి.

"పాతకాలం కళ రావడానికి పెట్టారు మేడమ్" అన్నాడు ఏజెంటు.

పుండు మీద కారం చల్లినట్టయింది. నోరు తెరిస్తే బూతులు వచ్చేలా ఉన్నాయని చూపు తిప్పుకున్నాను. మూల బల్ల మీద సగం అంటించిన బొమ్మ ఓడ ఒకటి కనిపించింది.

"అది అధ్యక్షులవారిది మేడమ్. బొమ్మ ఓడలంటే ఆయనకు ప్రాణం. ఆయన డ్రిల్లు చప్పుడు భరించలేకపోతున్నానని పక్క ఫ్లాటావిడ గొడవ పెట్టుకుంటే, ఆయనే పట్టుబట్టి ఈ రూలు పెట్టించారు" అంటూ తలుపు పక్కన ఫ్రేము చూపించాడు.

'పగటిపూట ఈ గదిలో ఏ నివాసి అభిరుచికీ ఎవరూ అడ్డు చెప్పరాదు.'

నిజం పడవలు కట్టే మనిషిని తరిమేసి, తాను బొమ్మ పడవలు అంటించుకుంటున్నాడు. పైగా దానికి రూలొకటి. నాకు నవ్వొచ్చింది. అలాంటి నవ్వు వస్తే మా ఇంట్లో అందరూ జాగ్రత్తపడతారు.

"అద్దెకుండేవాళ్ళు కూడా నివాసులేనా?"

"అయ్యో, ఎంతమాట మేడమ్!"

"వాళ్ళ నాన్నలు?"

"మీతో ఉంటే తప్పకుండా."

అక్కడికక్కడే సంతకం పెట్టేశాను.

అమ్మ నెత్తి బాదుకుంది. "జీతమంతా అద్దెకు తగలేస్తావా? పాము చావాలి గానీ కర్ర విరగ్గొట్టుకుంటారటే ఎవరైనా?"

"కర్ర విరిగితే ఇంకో కర్ర కొంటానమ్మా."

నాన్న మాత్రం ససేమిరా అన్నాడు. "నన్ను పొమ్మన్న చోటికి నేను రాను." మంచం బిగించాలి, నాకు చేతకావడం లేదని అబద్ధమాడి తీసుకెళ్ళాను. మంచం దగ్గరికి కాదు, నేరుగా హాబీ గదికి.

నాన్న గోడ వంక చూశాడు. తర్వాత వెళ్ళి మేకు మీంచి సుత్తి దించాడు. పిడి మీద బొటనవేలు రాసి చూశాడు.

"వార్నిషు పూశారు వెధవలు! చెమట చేతిలో జారిపోదూ?"

షెడ్డు పోయాక నాన్న నోట అంత పెద్ద మాట వినడం అదే మొదలు. అక్కడే చతికిలబడి, గాజుపెంకుతో ఆ వార్నిషు గీకడం మొదలుపెట్టాడు. నేను బయటికొచ్చి ఏడ్చాను. ఆ ఏడుపులో సంతోషం కన్నా కసే ఎక్కువ.

తర్వాత పలకలు వచ్చాయి. వెన్నుదూలం పడింది, దాని మీద పక్కటెముకలు లేచాయి, వాటికి పలకలు ఎక్కాయి. ఒక ఉదయం నాన్న మొదటి సందులో పీచు పెట్టి సుత్తి ఎత్తాడు. ఆ బిల్డింగుకి అందం ఇనప స్తంభాలే కదా, చప్పుడును జాగ్రత్తగా మోసుకెళ్ళి పై ఇంట్లో దించాయి. హాబీ గదికి సరిగ్గా పైన ఉండేది అధ్యక్షుడే.

నిప్పు తొక్కిన కోతిలా దిగి వచ్చాడు. "ఏమిటిది? ఇక్కడ వృత్తి పనులు చేయకూడదు!"

"అమ్మడానికి కాదండీ, ఏదో ఉబుసుపోక" అన్నాడు నాన్న తల ఎత్తకుండా.

నేను ఫ్రేము వైపు వేలు చూపించాను. "మీరు పెట్టించిందేనటగా?"

సంఘం మీటింగు పెట్టించాడు. అదే గదిలో కుండలు చేసే ఆవిడ, డ్రమ్స్ నేర్చుకునే డాక్టరు ఆ రూలు మీద ఈగ వాలనివ్వలేదు. తన గోతిలో తాను పడ్డ మనిషికి చెయ్యందించేవాళ్ళు ఎవరూ లేకపోయారు. ఆ వారమంతా నేను క్రేను మీంచి చూసేదాన్ని: అతని కిటికీ మూసుకునేది, తెరలు పడేవి, కాసేపటికి అతనే చెవులు మూసుకుని బాల్కనీలోకి వచ్చేవాడు. చప్పుడు నాకు వినపడకపోయినా కడుపు చల్లగా ఉండేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం అతను హాబీ గదిలోకి వచ్చాడు. చొక్కా నలిగి ఉంది. బల్ల అదిరి, మూలనున్న బొమ్మ ఓడ తెరచాప కర్ర మళ్ళీ ఊడి పడి ఉంది. దాని వంక కూడా చూడలేదు.

"మేస్త్రిగారూ, మా ఆవిడ తలనొప్పి భరించలేక వాళ్ళ చెల్లెలింటికి వెళ్ళిపోయింది. నాకు మధ్యాహ్నం కునుకు లేదు. ఇది ఎప్పటికి పూర్తవుతుందో చెప్పండి, అంతవరకూ ఎలాగో ఓర్చుకుంటాం."

నాన్న సుత్తి పక్కన పెట్టాడు. అప్పుడు షెడ్డులో పెట్టినట్టే, అంతే నెమ్మదిగా. ఇప్పుడు 'అలాగేనండీ' అంటాడు, నా పగంతా బూడిదలో పోసిన పన్నీరవుతుంది అనుకున్నాను.

"పూర్తవడానికేముందండీ, అయిపోవచ్చింది."

అధ్యక్షుడి ముఖం వెలిగింది. "అయితే నీళ్ళలో దింపేస్తారన్నమాట!"

"ఎలా దింపుతానండీ? తలుపు ఇరుకు కదా."

అతను తలుపు వంక చూశాడు. పడవ వంక చూశాడు. "మరి?"

"విప్పేస్తాను. మళ్ళీ మొదట్నుంచీ కడతాను."

అధ్యక్షుడు రెండు చేతులూ జోడించాడు. "పెద్దవారు, మీకు దండం పెడతాను..."

నాన్న అతని కళ్ళలోకి చూశాడు. గొంతు పెంచలేదు, తేనె కూడా పూయలేదు.

"మీ ఇబ్బంది నిజమే, కాదనను. కానీ ఇప్పుడిక్కడ జనం ఉంటున్నారు. మీరు వేరే చోటు చూసుకుంటే బాగుంటుంది."

పొల్లు పోలేదు. ఇన్నాళ్ళూ ఆ మాట నా ఒక్కదాని కడుపులోనే మండుతోందనుకున్నాను. నాన్న దాన్ని గొంతు నొక్కిన టీవీ ముందు కూర్చుని, అక్షరం అక్షరం దాచుకున్నాడు. ఈ కోపం నాకెక్కడి నుంచి వచ్చిందో అప్పుడు తెలిసింది.

అధ్యక్షుడు ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు. నాన్న సుత్తి అందుకుని నా వైపు చెయ్యి చాపాడు.

"ఆ పీచు ఇలా ఇవ్వమ్మా" అన్నాడు.