అతుకు తెలియని పాట

నిషిగాకి ఫుమి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, కళ్లు మూసుకుని అతుకు కోసం వింటోంది. గుహలో మంత్రగాడితో యుద్ధం జరిగేటప్పుడు వచ్చే పాట అది. ఆడే పిల్లవాడు గెలవచ్చు, ఓడవచ్చు, ఆట వదిలేసి అన్నానికి పోవచ్చు. పాట మాత్రం ఆగకూడదు. అందుకే దాని తోక తెచ్చి తలకు అతికించాలి, ఎక్కడ అతికించారో వినేవాడికి తెలియకూడదు. ఒసాకాలోని ఆ వీడియోగేమ్ కంపెనీలో ఈ పనికి ఆమె తర్వాతే ఎవరైనా.

నిజానికి ఆ రోజు ఆమెకు పనేమీ లేదు. అరవై నిండాయి, సాయంత్రం రిటైర్మెంట్. అయినా చేతులు ఊరుకోవు కదా!

పొట్టి మనిషి. మోచేతుల దగ్గర పలచబడిన బూడిదరంగు స్వెట్టరు. హెడ్‌ఫోన్ల పట్టీ ఒరుసుకుని నడినెత్తిన జుట్టు అణిగిపోయింది. ఇక్కడికి రాకముందు ఓ పెద్ద దుకాణంలో ఎలక్ట్రానిక్ ఆర్గన్లు వాయించి చూపించే ఉద్యోగం చేసేది. జనం నిలబడితే వాయించాలి, కదిలితే ఇంకో పాట ఎత్తుకోవాలి. అక్కడా ఏ పాటనూ పూర్తి చేసిన పాపాన పోలేదు.

ఇక్కడ చేరాక సొంత పేరు కూడా పోయింది. పోటీ కంపెనీలు ఎగరేసుకుపోతాయన్న భయంతో తెర మీద అసలు పేర్లు వేసేవారు కాదు. ఆమె అన్నం డబ్బాలో రోజూ కనిపించే ఉప్పులో ఊరిన ఉమెబోషి పండు చూసి, మేనేజరు ఆ పేరే తగిలించాడు. దేశంలో పిల్లలు కూనిరాగాలు తీసేది ఉమెబోషి పాటలు. ఫుమి ఎవరికీ తెలియదు.

ఇంట్లో ముసలి తల్లి. ఒకప్పుడు పదిమందికి కోతో వాయిద్యం నేర్పిన మనిషి.

"ముగింపు లేనిది పాటెలా అవుతుందే? కుళాయి కట్టేయడం మర్చిపోయినట్టుంది నీ సంగీతం," అనేది.

ఆ మాట ఫుమిని ఇన్నేళ్లూ ముల్లులా గుచ్చుతూనే ఉంది. అందుకే ఈ చివరి ఆటకు, ఆట ముగిశాక తెర మీద పేర్లు కదిలేటప్పుడు వచ్చే పాటకు, డైరెక్టరును బతిమాలి ఒక ముగింపు రాసుకుంది. నెమ్మదిగా దిగివచ్చే నాలుగు స్వరాలు, ఆపైన నిశ్శబ్దం. ఈ రాత్రి వినిపిస్తానని తల్లికి మాటిచ్చింది.

మధ్యాహ్నం ప్రోగ్రామర్ హినుమా వచ్చాడు. నలభై దాటినవాడు. అతుకు వేయడం ఆమె దగ్గరే నేర్చుకున్నాడు. గడ్డం మాసి ఉంది, ముఖం మాత్రం వెలిగిపోతోంది.

"నిషిగాకి గారూ, ఆఖరి పాట చివర్లో ఆగిపోతోందని ఆట పరీక్షించేవాళ్లు ఒకటే గోల. డైరెక్టరేమో బల్ల కింద గుర్రు పెడుతున్నాడు. వెళ్లిపోయే రోజు కూడా మిమ్మల్ని కష్టపెట్టడం దేనికని నేనే అతికించేశా. వినండి. అతుకు దొరికిందా, చెవి కోసిస్తా."

ఆమె వింది. నాలుగు స్వరాలూ లేవు. పాట చివరిదాకా వచ్చి, మెత్తగా మొదటికి జారుకుంది. మళ్లీ వింది. అతుకు దొరకలేదు. తను నేర్పిన విద్యే.

పూర్తయిన ఆట ఫ్యాక్టరీకి వెళ్లడానికి ఇంకా వ్యవధి ఉంది. ఒక్క మాట చెబితే చాలు. కానీ మార్చిందంటే మళ్లీ మొదటినుంచీ ఆడి చూడాలి. నిద్ర లేక బల్లల కింద పడి ఉన్నవాళ్లనందరినీ లేపాలి. హినుమా ఒక్కొక్కరి ముందూ తల వంచి క్షమాపణ చెప్పుకోవాలి. "అది తప్పు కాదయ్యా, ముగింపు" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అతను బహుమతి తెచ్చిచ్చిన పిల్లాడిలా ఎదురుగా నిలబడి ఉన్నాడు.

"బాగా కుదిరింది. నేనైనా ఇంత బాగా వేయలేను," అంది ఫుమి, వంగి నమస్కరిస్తూ.

అతను సిగ్గుపడి అంతకన్నా కిందికి వంగాడు.

సాయంత్రం పూలగుత్తి ఇచ్చారు, అందరూ లేచి చప్పట్లు కొట్టారు. "ఉమెబోషి గారికి" అంటూ డైరెక్టరు ఏదో చదివాడు. ఇన్నాళ్లూ మీ దయ అని ఆమె అందరికీ తల వంచింది. లిఫ్టులో ఒక్కతే అయ్యాక ఏడుపొచ్చింది. అమ్మ ఈపాటికి చెవిలో వినికిడి మిషను పెట్టుకుని, తన కోసం కూర్చుని ఉంటుంది.

పైన ఆఫీసులో బల్ల మీద, ఆమె తలకు సరిపడా వంగిన పట్టీతో హెడ్‌ఫోన్లు అలాగే ఉన్నాయి, వాటిలో ఆఖరి పాట సన్నగా, మళ్లీ మొదటినుంచి.