మీటరు నేలలో ఇరవై మూడు

నేను ఒక చెక్క చట్రాన్ని. నాలుగు వైపులా మీటరు చొప్పున పొడవు, లోపలంతా ఖాళీ. కళ్యాణదుర్గంలో నన్ను చేసిన వడ్రంగి "ఏ దేవుడి పటానికమ్మా?" అని అడిగాడు. "గడ్డికి" అంది వన్నూరమ్మ.

వన్నూరమ్మ గడ్డినేలల మీద పరిశోధన చేసే అమ్మాయి. కొండ వెనకున్న పెద్ద బీడులో నన్ను నేల మీద పరచి, నా హద్దులో మొలిచిన మొక్కల రకాలన్నీ లెక్కపెట్టేది. అక్కడ గొర్రెలు మేపుకునే మాళప్ప వాటి పేర్లు చెప్పేవాడు. ఆమెకు పుస్తకాల్లో దొరకనివి కూడా ఆయన గొర్రెలు తినే తీరును బట్టి గుర్తుపట్టేవాడు. అలా మూడేళ్లు, నాలుగు వందల చోట్ల.

అంతలో ఆ బీడును దున్నించి నీలగిరి చెట్లు నాటాలని కాగితాలు కదిలాయి. వాటిలో దాని పేరు 'పనికిరాని భూమి'. మనుషులు తమకు పేరు తెలియని వాటినన్నిటినీ ఆ మాటతోనే పిలుస్తారని నాకప్పుడే తెలిసింది.

"బీడు పోతే నా గొర్రెలు యాడికి పోవల్ల?" అన్నాడు మాళప్ప.

చూడటానికొచ్చిన అధికారి నడుం మీద చేతులుంచి, "గడ్డి తప్ప ఏముందమ్మా ఇక్కడ?" అన్నాడు.

వన్నూరమ్మ నన్ను ఆయన చేతికిచ్చింది. "మీకిష్టమొచ్చిన చోట మీరే వెయ్యండి సార్."

ఆయన మరీ బోసిగా కనిపించే చోటు చూసి నన్ను విసిరాడు. మాళప్ప గొంతుక్కూర్చున్నాడు.

"ఇది గరిక. ఇది బోదగడ్డి. ఈడ సూడు సామీ, విష్ణుక్రాంతం. ఇది తుమ్మి, దీన్ని తేనెటీగలు ఇడిసిపెట్టవు."

పదిహేను దాటేసరికి అధికారి కూడా వంగాడు. ఇరవై దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఇరవై రెండు దగ్గర మాళప్ప ఆగిపోయాడు.

"ఆగాగు! ఇదిగో, ఇది వేరే!" అని అధికారి కేక వేశాడు. ఆవగింజంత పసుపు పువ్వు. "దీని పేరేంటి?"

"దీన్ని నేనూ ఇప్పుడే సూస్తాండా సామీ."

ఆ అధికారి రాసిన నివేదికతో దున్నించే ప్రయత్నం ఆగింది. ఏడాది తిరిగేసరికి ఆ బీడు 'కాపాడవలసిన గడ్డినేల'గా రికార్డుకెక్కింది. వన్నూరమ్మకు డాక్టరేటు వచ్చింది.

ఇప్పుడు ఒక మూల సడలి, విశ్వవిద్యాలయంలో ఆమె గది గోడకు వేలాడుతున్నాను. మొన్న మాళప్ప వచ్చాడు. వన్నూరమ్మ ఆయనకు టీ తెప్పించి, తన సిద్ధాంతగ్రంథం తెరిచింది. 'మొక్కలను గుర్తించినవారు' అన్న చోట ఆయన పేరుంది.

"నాకు సదువు రాదు కదమ్మా. యాడుంది?"

ఆమె ఆయన వేలు పట్టుకుని ఆ అక్షరాల మీద పెట్టింది. టీ చల్లారిపోయినా ఆయన ఆ వేలు తియ్యలేదు.